పోచమ్మ వయసెంత?

ఇంటింటికీ మాట్లాడే కల్లు పీపా వచ్చాక మా వైపు తాటిచెట్టు ఎక్కేవాళ్లు లేరు. చెట్టెక్కే మర దించిన నీరా పోస్తే పీపాయే పులియబెట్టి, చల్లబరిచి, గ్లాసుల్లోకి వంపుతుంది. ఆ రోజు మాత్రం ఉత్త నురగే వచ్చింది.

అక్క సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్లు ఖాళీ గ్లాసులతో కూర్చున్నారు. కల్లు తాగనిదే మాలో మాట ఖాయం కాదు. అక్క నావైపే చూస్తోంది. ఇంట్లో మొదటి డిగ్రీ నాది కాబట్టి పీపా బాధ్యతా నాదే. గొట్టం కడిగాను, గ్యాసు తగ్గించాను. మళ్లీ నురగే.

“ఏం బిడ్డా, సబ్బునీళ్లు పోస్తున్నవా?” అన్నాడు పెళ్లికొడుకు తండ్రి రాజలింగు.

చివరికి పీపానే అడిగాను.

“మీ ఇంట్లో ప్రతిసారీ మొదటి చుక్కలు నేల మీద పడుతున్నాయి. కారుతోందేమోనని ధార బిగించాను,” అంది.

నానమ్మ నొచ్చుకుంది. “కారుడు కాదు, సాక. పోచమ్మ తల్లికి పొయ్యకుండ మనమెట్ల తాగుతం?”

అదే వివరించాను. పీపా వెంటనే ఒప్పుకుంది. “అయితే ఆమె పేరు కూడా తాగేవారిలో చేరుస్తాను. పోచమ్మ గారి వయసు?”

నేను నానమ్మ వైపు చూశాను.

“ఊరు పుట్టకముందు పుట్టిందని చెప్పు.”

చెప్పాను. పీపా లెక్క కట్టింది. “అంత పెద్దవారికి పూటకు ఒక్క చుక్కే ఇవ్వగలను.”

“ఆమెకు ఎన్నడైనా పోసేది చుక్కనే,” అంది నానమ్మ గ్లాసు పట్టి. “మిగిలింది వియ్యంకునికి పొయ్యి.”

తెల్లటి ధార దిగింది. అక్క నవ్వింది.