టీచర్ కంటే బరువైనది

“ఈ గదిలో నాకంటే బరువైన వస్తువేదో వెతకండి చూద్దాం! ముందు కనిపెట్టినవాళ్ళకి ఎర్ర నక్షత్రం!” అంది టీచర్, తడిపిన తువ్వాళ్ళు తలుపు కింద సందులో కుక్కుతూ.

పిల్లలు బిలబిలమంటూ గదంతా కమ్ముకున్నారు. అందరికంటే ముందు పరిగెత్తింది బొద్దు. ఆ పిల్లకి అసలు పేరు వేరే ఉంది గానీ, హాజరు వేసేటప్పుడు తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. ఐదో ఏడు నడుస్తోంది. బళ్ళో అందరి గౌన్ల మీదా చొక్కాల మీదా ఏదో ఒక రోజు ఎర్ర నక్షత్రం అంటింది, దాని గౌను మీద తప్ప. ఇవాళ నక్షత్రం లేకుండా ఇంటికి రానని పొద్దున్నే అమ్మ దగ్గర పంతం పట్టి మరీ వచ్చింది.

“కుర్చీ టీచర్!”

టీచర్ దాన్ని ఒంటి చేత్తో ఎత్తేసింది.

“బొమ్మల పెట్టె!”

కాలితో నెడితే జారిపోయింది.

“బల్ల! టీచర్, బల్ల!” అని బొద్దు గొంతు చించుకుంది. టీచర్ ఆశగా వచ్చి బల్లని రెండు చేతులా పట్టుకుని లేపింది. అదీ తేలిగ్గానే లేచింది. పిల్లలకి దెబ్బలు తగలకూడదని ఆ గదిలోకి అన్నీ ప్లాస్టిక్ సామానే కొన్నారు. చువ్వలుంటే జైల్లా కనిపిస్తుందని కిటికీకి జారే అద్దాలు పెట్టించి ఊరుకున్నారు. ఎవరో పెద్దమనుషులు చల్లటి గదిలో కూర్చుని ముచ్చటపడి చేసిన ఏర్పాట్లు అవి.

“ఇంకా వెతకండి నాన్నా, బాగా వెతకండి,” అంది టీచర్.

కింద పెరట్లోంచి ఆయమ్మ కేక వినిపించింది. పాలు తేవడానికి దిగిన మనిషి మళ్ళీ పైకి రాలేకపోయింది.

“టీచరమ్మా! మెట్లన్నీ అంటుకున్నాయమ్మా! మీ మూడో అంతస్తు దాకా మంటే! ఫైరింజను సందు మలుపులో ఇరుక్కుపోయింది!”

“అక్కడే ఉండు ఆయమ్మా, కదలకు!” అని టీచర్ పిల్లల వైపు తిరిగింది. ముఖాన నవ్వు తెచ్చిపెట్టుకుంది. “ఇప్పుడు పొట్టి, పొడుగు పాఠం!”

బోర్డు తుడిచే డస్టరుకి దారం కట్టి కిటికీలోంచి వదిలింది. ఆయమ్మ చేతికి అందాక పైకి లాగి, దారాన్ని నేలమీద పరిచింది. పిల్లలు పడుకునే దుప్పట్లు, కిటికీ తెరలు ఒకదానికొకటి ముడేసి దాని పక్కనే పరిచింది.

“ఏది పొడుగు?”

“దారం!”

ఇంకో దుప్పటి ముడేసింది. “ఇప్పుడు?”

“రెండూ సమానం!” అని పిల్లలు చప్పట్లు కొట్టారు. సగం మంది దగ్గుతున్నారు.

తర్వాత బొద్దుని ఒక చేత్తో, బొమ్మల పెట్టెని ఇంకో చేత్తో ఎత్తి చూసింది. “పెట్టె తేలిక. ఇంకా దిమ్మెలు వెయ్యండి!” పెట్టె బొద్దు కంటే బరువయ్యాక దుప్పటి తాడుకి కట్టి కిందికి దించింది. ముడులు నిలిచాయి.

“తేలికవాళ్ళు ముందు, బరువువాళ్ళు తర్వాత. వరసలో నిలబడండి.”

చీపురుపుల్లలాంటి పిల్లాడు ముందు నిలబడ్డాడు. బొద్దు ఆఖరు. ఎవరో కిసుక్కుమన్నారు. బొద్దుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తనని ఇక్కడే వదిలేసి పోతారేమోనని టీచర్ చీర కొంగు పట్టుకుంది.

“టీచర్, మొన్న బొమ్మ పడినట్టు మనం కూడా పడిపోతామా?”

పోయినవారం పాఠంలో దారానికి ఒక కొసన బొమ్మని కట్టి బల్లమీద కూర్చోబెట్టారు. రెండో కొసన బొమ్మ లారీని కట్టి అంచు మీంచి వదిలారు. లారీ పడుతూ బొమ్మని కూడా ఈడ్చుకుపోయింది. బొమ్మ ముక్కు విరిగింది. బొద్దు ఆ రోజంతా ఏడ్చింది.

“బొమ్మ ఎందుకు పడింది, చెప్పు?”

“పైనున్న బొమ్మ తేలిక. కింద లారీ బరువు.”

“మరి మీకంటే నేను?”

“బరువు!”

“అయితే పడతామా?”

“పడం!” అంది బొద్దు. కాస్త ధైర్యం వచ్చింది.

ఒక్కొక్కరినీ చంకల కింద చుట్టి ముడేసి, పాదాలు కిటికీ కింది గోడకి తన్నిపెట్టి, టీచర్ మెల్లగా దించింది. ప్రతిసారీ ఆయమ్మ కింద అందుకుని ముడి విప్పింది. తలుపు రంగు బుడగలు బుడగలుగా ఉబ్బుతోంది. చివరికి గదిలో ఇద్దరే మిగిలారు. టీచర్ అరచేతుల తోలు ఊడిపోయి, దుప్పటికి నెత్తురు అంటింది.

ఆమె సొరుగులోంచి ఎర్ర నక్షత్రం తీసి బొద్దు గౌనుకి అంటించింది.

“నేనింకా కనిపెట్టలేదుగా టీచర్?”

“కిందికెళ్ళి ఆలోచించుకో. తట్టగానే ఆయమ్మకి చెప్పు.”

బొద్దు బరువుకి టీచర్ నడుము దాకా కిటికీ బయటికి వంగిపోయింది. అయినా తాడు వదల్లేదు. ఆయమ్మ చేతులు బొద్దుని పట్టుకున్నాయి. ఆయమ్మ ఏడుస్తూనే ముడి విప్పి, పైకి చూసి గొంతెత్తింది.

“ఇక మీరు దిగండి టీచరమ్మా! తాడు దేనికైనా కట్టండి! కట్టి దిగండి!”

టీచర్ కదల్లేదు. ఆమె వెనక పొగ నల్లగా లేచింది. బొద్దు గదిలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంది. కుర్చీ, పెట్టె, బల్ల. జవాబు తట్టింది. బళ్ళో లాగే చెయ్యి పైకెత్తింది.

“నాకు తెలుసు ఆయమ్మా! గదిలో టీచర్ కంటే బరువైనది ఏదీ లేదు.”