జవాబు చెప్పకండి

కుర్చీలో ఎవరో కూర్చున్నారు.

అది కూర్చోవడానికి వేసిన కుర్చీ కాదు. రిటైరైన వైమానిక దళం వాళ్ళు ఏటా ఒకసారి కలుసుకునే ఆ హాల్లో, మొదటి వరుసలో, పెద్దాయన పక్కన పాతికేళ్ళుగా ఖాళీగా ఉంచుతున్న కుర్చీ.

పెద్దాయన ఒకప్పుడు యుద్ధవిమానాలు నడిపిన పైలట్. ఆ కుర్చీ కథ ఆయన చేత చెప్పించుకోని పత్రిక లేదు.

యుద్ధం రోజుల్లో ఒక ఉదయం. కింద అంతా పొగమంచు, నేల కనిపించదు. ఇంధనం అడుగంటింది. అప్పుడు రాడార్ గదిలోంచి ఒక గొంతు రేడియోలో పలికింది.

"ఇక మీరు జవాబు చెప్పకండి. నేను చెప్పింది వింటూ రండి చాలు."

కాస్త ఎడమకి, ఇంకొంచెం కిందికి అంటూ ఆ గొంతు ఆయన్ని చెయ్యి పట్టుకుని నడిపించినట్టు రన్‌వే మీద దింపింది.

"భయం వేయలేదా సార్?" అని ఎవరైనా అడిగితే, "అదెలా ఉంటుందోయ్?" అని మీసం దువ్వేవాడు. ఆ మాట కొత్త పైలట్ల పాఠాల్లోకి కూడా ఎక్కింది.

ఆ గొంతు ఎవరిదో మాత్రం తెలియలేదు. మర్నాడే పెద్దాయన వేరే స్థావరానికి వెళ్ళిపోయాడు. తర్వాత వాకబు చేస్తే, డ్యూటీ రిజిస్టర్ బాంబుల్లో కాలిపోయిందన్నారు. రేడియోలో మాటలు రికార్డయిన టేపు ఎవరో చెరిపేశారన్నారు.

"ఆ చెరిపిన వెధవ దొరికితే చెంప పగలగొడతాను" అని పెద్దాయన ప్రతి సభలోనూ అనేవాడు.

చచ్చేలోపు ఆ రాడార్ మనిషి చేతులు ఒక్కసారి పట్టుకోవాలి. ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే. డాక్టరు ఆరు నెలలన్నాడు. ఇదే ఆఖరి సభ అని పేపర్లో కూడా వేయించాడు.

"నేనే" అంటూ ఇప్పటికి ఏడుగురు వచ్చారు. ఒకడు ఫొటో కోసం, ఇంకొకడు అల్లుడికి సిఫారసు కోసం. పెద్దాయన కళ్ళు మూసుకుని వాళ్ళ చేత ఆ రెండు ముక్కలూ పలికించేవాడు. సగంలోనే "ఇక నడు" అనేవాడు.

ఇప్పుడు వచ్చింది ఎనిమిదోవాడు. మెడకు మఫ్లర్, వెలిసిపోయిన చొక్కా.

"లేవండి, అది మీకు వేసింది కాదు" అన్నాడు సంఘం కార్యదర్శి.

అతను నేనే అన్నట్టు గుండె మీద తట్టుకున్నాడు.

"సరే, పలకమను" అని పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు.

ఎంతసేపటికీ మాట రాలేదు. కళ్ళు తెరిచి చూస్తే, అతను మఫ్లర్ పక్కకి లాగి చూపిస్తున్నాడు. గొంతు మధ్యలో చిన్న రంధ్రం, దానికో ప్లాస్టిక్ గొట్టం.

"ఇదేం ఖర్మరా నాయనా! నేను గొంతు కోసం వెతుకుతుంటే గొంతే లేనివాడు తయారయ్యాడు!"

హాలంతా గొల్లుమంది. వెనక ఎవరో ఈల కూడా వేశారు.

అతనూ నవ్వబోయాడు. తర్వాత జేబులోంచి మడిచిన కాగితం తీసి పెద్దాయన చేతిలో పెట్టాడు.

పెద్దాయన విప్పకుండానే కార్యదర్శికి అందించాడు. "మైకులో చదువు. అందరూ విందాం."

అతను చటుక్కున లాక్కున్నాడు. మైకు వైపు చూపించి వద్దు వద్దని తల ఊపాడు. మీరొక్కరే అన్నట్టు పెద్దాయనకి వేలు చూపించాడు.

"చూశారా సార్, బండారం బయటపడుతుందని భయం" అన్నాడు కార్యదర్శి.

"చావబోయేవాడితో పరాచికాలా? గెంటండి వీణ్ణి!" పెద్దాయన అరిచాడు.

ఇద్దరు వచ్చి చెరో రెక్కా పట్టుకున్నారు. అతను విదిలించుకోలేదు. వెళ్తూ వెళ్తూ ఆ కాగితం పెద్దాయన కోటు జేబులో కుక్కి, పైనుంచి మెల్లగా అదిమాడు.

"పేరు రాసుకోమంటారా సార్?" తలుపు దగ్గర రిజిస్టరుతో కూర్చున్న అమ్మాయి అడిగింది.

"దొంగలకి పేర్లెందుకమ్మా?" అన్నాడు పెద్దాయన.

టీ ఇచ్చినప్పుడు పెద్దాయన రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాడు. కాగితం తగిలింది. కిటికీ దగ్గరికి వెళ్ళి విప్పాడు.

ఒకసారి చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాడు. చువ్వ పట్టుకుని నిలబడ్డాడు.

రోడ్డుకు అవతల బస్టాపులో అతను ఇంకా ఉన్నాడు. నలిగిన చొక్కా సర్దుకుంటున్నాడు. కేక వేస్తే వినబడేంత దూరమే.

బస్సు వచ్చి ఆగింది.

"ఏం రాశాడు సార్?" కార్యదర్శి వెనకే వచ్చి నిలబడ్డాడు. ఆయన వెనక మరో నలుగురు, చేతుల్లో కప్పులతో. "కొంపదీసి ఆయనేనా ఏంటి?"

కేక వేస్తే ఎందుకంటారు. కాగితం ఏదీ, చూపించమంటారు.

పెద్దాయన కిటికీ వదల్లేదు. అతను బస్సెక్కేదాకా చూశాడు.

"ఏముంటుంది, అందరూ రాసేదే" అంటూ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, మిగిలిన టీలో పడేశాడు.

బస్సు కదిలింది.

"ఆ కుర్చీ మడిచి లోపల పెట్టించు. ఇంకెవరూ రారు."

కప్పులో ముక్కల మీది అక్షరాలు ఒక్కొక్కటే కరిగిపోయాయి: "క్షమించండి సార్, టేపు చెరిపింది నేనే, జవాబు చెప్పొద్దని నేను అనేలోపే మీరు అమ్మా అమ్మా అని ఏడ్చిందంతా అందులో పడింది, పైవాళ్ళు వింటే మిమ్మల్ని మళ్ళీ విమానం ఎక్కనివ్వరని భయపడ్డాను."