మధ్య ప్లేటు

“సర్వర్‌కు ఆ పాత కార్డు తగిలిస్తే మేడమ్ కొలతలు బయటికి కనబడతయి సార్. నేను తగిలియ్య,” అన్నాడు సదాశివ.

ఆ మేడమ్, సుబ్బులుగారు, ఎదురుగానే కూర్చుని ఉంది. వచ్చిన బేరం ముందు ఇలాంటి మాట అనకూడదని సదాశివకు తెలియక కాదు. నిప్పులాంటి మనిషి. ఆఫీసులో పెన్ను కావలసినా అడిగి తీసుకుంటాడు. సర్వర్లన్నీ అతని చేతిమీదుగానే నడుస్తాయి.

కంపెనీ యజమాని హరికిషన్ నవ్వాడు. నవ్వు సుబ్బులుగారికి, చూపు సదాశివకు.

“పరేషాన్ కాకున్రి అమ్మా. మావోడు గిట్లనే అంటడు. మీ కొలతలు పెట్టేది కాన్ఫిడెన్షియల్ మిషన్ల. తాళమేసిన డబ్బా అనుకోన్రి. మా సర్వర్లనే ఉంటది గని మేం సుత తెరవలేం.”

“మరి ఈ అబ్బాయి కనబడతాయంటున్నాడేవిటండీ?” అంది సుబ్బులుగారు.

ఆవిడ భయం ఆవిడది. ఆవకాయకు అల్వాల్‌లో ఆవిడ కొట్టు పెట్టింది పేరు. పక్క కొట్టువాడు ఆ ఆవకాయ కొనుక్కెళ్ళి, జల్లెడలో వేసి, పంపు కింద కడిగి మరీ చూశాడు. మెంతులు కనబడ్డాయి, వెల్లుల్లి కనబడింది, కొలత మాత్రం కనబడలేదు. ఆ కొలత పోతే సుబ్బులుగారికి మిగిలేది ఖాళీ జాడీలే. ఈ ఏటి కాయ పులుపునిబట్టి ఏది ఎంత కలపాలో కంప్యూటరే చెబుతుందంటే, రాంగోపాల్‌పేట్‌లో ఈ మెట్లెక్కి వచ్చింది.

సదాశివ తన భోజనం డబ్బా తెచ్చి బల్లమీద పెట్టాడు. దాని పక్కన ఒక ఖాళీ ప్లేటు పెట్టాడు.

“ఇది మీ డబ్బా మేడమ్. సార్ చూడలేడు, నేను చూడలేను. కానీ లెక్క చేసేది డబ్బా కాదు, గ్రాఫిక్స్ కార్డు. కొత్త కార్డయితే తానెవరో రుజువు చూపిస్తది. అప్పుడు డబ్బాలకే చెయ్యి పెట్టనిస్తం. మా దగ్గరున్నది పాతది, రుజువు చూపలేదు. అందుకని మీ కొలతలు తెచ్చి ఈ ప్లేట్ల పెట్టాలె, అది ఇక్కడ్నుంచి తీసుకోవాలె. దీన్ని షేర్డ్ మెమరీ అంటం. ప్లేటుకు మూత ఉండదు.”

“అయితే ఎవరైనా చూడొచ్చా?”

“సర్వర్ పాస్‌వర్డ్ ఉన్నోళ్ళు చూడొచ్చు.”

“ఎవరికుంది?”

“నా ఒక్కనికే. సార్ అడిగిన్రు, ఇయ్యలే.”

హరికిషన్ దగ్గాడు. “కొత్త కార్డు వచ్చేదాక ఆగితే మామిడికాయలు పండ్లయితయమ్మా. పాతదాంతోనే జెర ట్రయల్ చూడున్రి. అవునుగని, మీ ఆవకాయల అసలు సీక్రెట్ ఏందమ్మా?”

“మా అత్తగారు నాకే సరిగ్గా చెప్పలేదండీ. రెండేళ్ళు జాడీలు పారబోయించి, అప్పుడు అసలుది చెప్పింది.” ఆవిడ సదాశివ వైపు తిరిగింది. “నువ్వు నిజం చెప్పావు బాబూ. నీ మొహం చూసి పెడుతున్నాను.”

“నేను ఆ ప్లేటు దిక్కు సుత చూడ మేడమ్.”

కొలతలు ఆవిడే కూర్చుని ఒంటివేలితో టైపు చేసింది. మంచినీళ్ళ నెపంతో హరికిషన్ ఆ కుర్చీ వెనకనుంచి అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. అతను వచ్చినప్పుడల్లా ఆవిడ తెరకు పైటకొంగు అడ్డం పెట్టింది. సదాశివ మాత్రం గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఈ రోజుల్లో ఇలాంటి పిల్లలు ఉండరని ఆవిడ పైకే అంది.

ట్రయల్ బాగానే నడిచింది. కొన్ని వారాల తర్వాత, ఒప్పందం సంగతి తేల్చడానికి సుబ్బులుగారు చెప్పాపెట్టకుండా వచ్చింది. సరిగ్గా భోజనాల వేళ. ఆ ఆఫీసులో ఎవరి డబ్బా వారిదే అయినా కూరలూ పచ్చళ్ళూ మధ్య ప్లేట్లోకి వచ్చేస్తాయి. ఆవిడనూ కూర్చోబెట్టి అన్నం పెట్టారు.

హరికిషన్ మధ్య ప్లేటు ఆవిడ ముందుకు జరిపాడు. “ఆవకాయ వేసుకోన్రి అమ్మా. మీ ముందట పెట్టాలంటే సిగ్గే గని, మస్తుంది.”

సుబ్బులుగారు కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. వేలికొసతో పిండి తీసి మళ్ళీ నాకి చూసింది. తర్వాత హరికిషన్‌ను చూసింది. ఆ చూపుకు అతను ఎత్తిన ముద్ద దించేశాడు.

“ఇది ఎవరింట్లోదండీ?”

“బాగలేదా అమ్మా?”

“ఎవరింట్లోదీ అంటున్నాను.”

“నాది కాదమ్మా! నాకు బీపీ. మా ఇంట్ల పచ్చళ్ళు బంద్.”

“మాదే మేడమ్,” అన్నాడు సదాశివ, తన డబ్బాలోంచి తలెత్తకుండా. “మా ఇంటామె పెట్టింది.”

“జాజికాయ వేసినట్టున్నారే?”

“అవును మేడమ్. మా నాయనమ్మ కాలంకెళ్లి మాకు అలవాటు.”

సుబ్బులుగారు ఇంకో ముద్ద కలుపుకుంది.

“ఆ రోజు నేను టైపు చేసింది ఊరందరి కొలతే బాబూ,” అంది. “జాజికాయ ఒక్కటే నీ కోసం వేశాను.”