రాతిమెట్ల బేరం

అందరూ ఇళ్లలోనే బొమ్మ చూపే కళ్లద్దాలు పెట్టుకుని ఫుట్‌బాల్ ఆట చూసే కాలం వచ్చాక, మా బొల్లారం స్టేడియం మెట్ల మీద కూర్చునేది నేనొక్కదాన్నే. ముప్పై ఏళ్ల లీజుకిస్తే మరమ్మతు ఖర్చంతా భరిస్తామనీ, మెట్లు మాత్రం కూల్చి కెమెరాలు పెడతామనీ ఆ ఆటలు ప్రసారం చేసే కంపెనీ అంది. లీజు కుదరకపోతే మరమ్మతు లేక మా ఆడపిల్లల జట్టుకు మైదానం ఉండదు.

క్లబ్బు పెద్దగా, మా ఆఫీసు గదిలో, కంపెనీ తరఫున మాట్లాడే యంత్రంతో బేరానికి కూర్చున్నాను.

"మూడు వరసల మెట్లు కూల్చకుండా వదిలెయ్" అన్నాను.

"నాలుగేళ్లుగా అక్కడ కూర్చున్నది మీరొక్కరే, ఫిలోమినా గారూ."

"అయితే నీ లీజే వద్దు" అని లేచి నడిచాను. మోండా మార్కెట్లో నేను నేర్చిన బేరం అదే. నాలుగడుగులు వేస్తే వెనక్కి పిలుస్తారు.

గేటు దాకా వెళ్లినా యంత్రం పిలవలేదు.

కోచ్ ఖలీల్ పరిగెత్తుకొచ్చాడు. "ఏం జేసినవమ్మా! నిజంగనే వద్దన్నవనుకున్నది. ఐదింటికి ఫైల్ బంద్ చేస్తదంట!"

యాభై ఏళ్ల కిందట మా గోల్‌కీపర్ ఆంథోనీ, కోల్‌కతా క్లబ్బుకు వెళ్లిపోతానని ఆ మెట్ల మీద నా పక్కనుంచే లేచాడు. నేను పిలుస్తానేమోనని గేటు దాకా మెల్లగా నడిచాడు. తనే తిరిగొస్తాడని నేను కదలకుండా కూర్చున్నాను; రాలేదు.

ఈసారి నేనే వెనక్కి వెళ్లాను.

"మరమ్మతులో మా ఆఫీసుకు కొత్త పైకప్పు వద్దు. ఆ ఖర్చుకు మెట్లుంచు."

"ఒక్క వరస ఉంచగలం."

"వానొస్తే ఆఫీసుల గొడుగు పట్టుకోవాలె ఇగ!" అన్నాడు ఖలీల్.

"ఏ వరస ఉంచమంటారు?" అని యంత్రం అడిగింది.

"అన్నిటికన్నా పైది" అన్నాను. "అక్కణ్నుంచి గేటు కనిపిస్తుంది."