చెమ్మ మరక

"కొనే మొహాలేనా ఇవి?"

తలుపు సగమే తీసి అడిగాడు ఆ ఫ్లాట్‌లో అద్దెకుంటున్న పెద్దాయన. ఒంటి మీద బనీను, చేతిలో చుట్టచుట్టిన పేపరు. ఈగని కొట్టడానికో, వచ్చినవాళ్ళని కొట్టడానికో తెలీదు.

కొత్త పెళ్ళికూతురికి చురుక్కుమంది. పెళ్ళై నాలుగు నెలలు దాటినా అందరూ ఇంకా కొత్త పెళ్ళికూతురనే అంటున్నారు, ఆమెకీ అది ముద్దుగానే ఉంది. మొహం గురించి మాట పడటం మాత్రం ఇదే మొదలు.

"ఓనరుగారు చూసి రమ్మన్నారండీ," అన్నాడు ఆమె భర్త మెత్తగా. "మేం ఉండటానికి కాదు. కొని అద్దెకిద్దామని."

"ఓహో! కాలు మీద కాలేసుకుని అద్దెలు తిందామనా? రండి, రండి. కళ్ళారా చూసుకోండి."

హాల్లోకి రాగానే పేపరు చుట్టతో ఎదుటి గోడ చూపించాడు. పైకప్పు మూల నుంచి కిటికీ దాకా గోధుమరంగు మరక, ఎవరో బద్ధకంగా గీసిన దేశపటంలా పరుచుకుని ఉంది.

"చెమ్మ. ఏడాది పొడుగునా కారుతూనే ఉంటుంది. అంతా పైవాళ్ళ బాత్రూం పుణ్యం. నాకు ఉబ్బసం పట్టుకుంది దీనివల్లే," అని రెండుసార్లు గట్టిగా దగ్గాడు.

"బాగు చేయించొచ్చేమో కదండీ?"

"చేయించు బాబూ, చేయించు. గోడ పడగొట్టి చేయించు. నీ పెళ్ళాం మెడలోవి అమ్మినా చాలదు."

వంటింట్లోకి తీసుకెళ్ళి కుళాయి తిప్పాడు. బుస్సుమని గాలి వచ్చింది, ఒక్క చుక్క రాలి ఊరుకుంది.

"వారానికి రెండు రోజులే నీళ్ళు. మొహం కడిగితే కాళ్ళకి ఉండవు."

భర్త మొహం వాడిపోయింది. ఆమె చెవి దగ్గర వంగి, "పద పోదాం. ఇది కొంటే మెడకు గుదిబండే. ఈ కొంపకి అద్దెకెవరొస్తారు?" అన్నాడు.

ఆమె కదల్లేదు. బాల్కనీలో జేబురుమాలంత ఎండ పడుతోంది. దాని మీద ఆమెకి అప్పటికే మనసైంది. పైగా ఇద్దరూ దాచుకున్నదంతా ఊడ్చి పెడితే దీని అడ్వాన్సుకి సరిగ్గా సరిపోతుంది. ఇది పోతే ఈ ధరలో ఇంకొకటి దొరకదు.

వంగి సింకు కింద చెయ్యి పెట్టి, కట్టేసి ఉన్న వాల్వు తిప్పింది. కుళాయి నుంచి నీళ్ళు ధారగా దూకి పెద్దాయన బనీను తడిపేశాయి. తర్వాత తిన్నగా హాల్లోకి వెళ్ళి గోడకి ముక్కు ఆనించింది.

"అంకుల్, పైవాళ్ళ బాత్రూంలో అల్లం పండుతుందా?"

"ఏంటి పిచ్చి మాటలు?"

"మరక అల్లం టీ వాసనొస్తోంది."

పెద్దాయన ఉబ్బసం ఠక్కున నయమైపోయింది.

"పదకొండు మంది వచ్చారు ఇప్పటిదాకా," అన్నాడు పళ్ళు నూరుతూ. "ఒక్కడూ ముక్కు పెట్టలేదు. ఎక్కడ దొరికావమ్మా నువ్వు?"

"ఇల్లు అమ్ముడుపోకుండా ఇన్ని వేషాలా? సిగ్గుగా లేదూ?"

"సిగ్గెందుకు? ఎనిమిదేళ్ళుగా ఉంటున్నా, పాత అద్దెకి. మీరు కొన్న మర్నాడే నా సామాను రోడ్డు మీదుంటుంది. మా ముసలిదాన్ని పెట్టుకుని ఎక్కడికి పోను?"

"కొత్త అద్దె ఇస్తే ఉండండి. లేదంటే రిజిస్ట్రేషన్ అయిన నెలకి తాళాలు మా చేతిలో పెట్టండి."

"అద్దెకుంటే తెలిసేది నీకు ఆ బాధ!"

భర్త ఏదో అనబోయాడు. ఆమె అతని కాలు తొక్కింది.

అంతటితో వదల్లేదు. ఫోను తీసి మరకని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసింది.

"ఇవి ఓనరుగారికి చూపించి ధర తగ్గించమంటాను. అందాకా దీన్ని తుడవకండి అంకుల్. వెలిసిపోతే ఇంకో కప్పు కొట్టండి."

"రాక్షసీ!"

తలుపు వాళ్ళ వీపు మీదే ధడాలున పడింది.

ఆమె రెండేసి మెట్లు గెంతుతూ దిగింది. బాల్కనీలో రెండు కుండీలు పెట్టాలి, వచ్చే అద్దె లోను వాయిదాకి పోయినా ఇల్లు తమది! ఇంతలో భర్త ఫోను మోగింది. "సరేనండీ, సరేనండీ" అని పెట్టేసేసరికి అతని మొహం మళ్ళీ వాడిపోయింది.

"మనం ఉంటున్న ఇంటి ఓనరు. రేపు పొద్దున్నే కొనేవాళ్ళెవరినో తీసుకొస్తున్నాట్ట, మన వాటా చూపించడానికి. మళ్ళీ!"

ఆమె మెట్టు మీదే ఆగింది.

"అయితే ఏమండీ, ఈసారి మన గోడకి కొట్టే టీలో అల్లం వేయొద్దు."