అల్లుండ్ల గల్లీ

"అల్లుండ్ల గల్లీకి ఎటు పోవాలె అవ్వా?"

ఆకేరు ఒడ్డున బట్టలు ఆరేస్తున్న ముసలామె నవ్వింది. "అందుల్నే నిలబడ్డవ్ బిడ్డా."

సకల జనుల సమ్మెతో బస్సుల్లేవు. సునంద రోడ్డు నుంచి నడిచే వచ్చింది. ఏటి వైపు తలుపులున్న పెంకుటిళ్ల వరుసను చూసింది.

"గీ పేరెట్ల వచ్చిందవ్వా?"

"అరవై తొమ్మిదిల తెలంగాణ కొట్లాట. పోలీసులు తరిమితే స్టూడెంట్లు ఇంటికొకరు జొచ్చిన్రు. తలుపు కొడితే అందరిదీ ఒక్కటే మాట. మా అల్లుడు, బోనాలకొచ్చిండు."

"నమ్మిన్రా?"

"'ఒక్క గల్లీకి గింతమంది అల్లుండ్లా' అన్నడు జమేదారు. 'ఆడపిల్లలు ఎక్కువున్నరు సారూ' అన్నరు మనోళ్లు."

సునంద నవ్వలేదు. "ఆ అల్లుండ్లల్ల మా బాపు ఒకడు."

ముసలామె చేతిలో తడిచీర ఆగిపోయింది.

"ఏ ఇల్లో యాదికి లేదట. ఆ ఇంట్ల పెండ్లిగాని పిల్ల, నా మొగడే అని పోలీసులకు చెప్పిందట. చీకటి పడంగనే బాపు ఏరు దాటిండు. ఇప్పుడు దవాఖానల ఉన్నడు. 'నా వల్ల ఆ పిల్ల బతుకు కరాబు కాలేదు గద' అని ఒక్కటే అడుగుతుండు."

"ఇన్నేండ్లకా?"

"మొదలు కేసుండె. అటెన్క మొకం చెల్లలేదట."

ముసలామె చీరను దండెం మీద పరిచి, ముడతలు సాపు చేసింది.

"ఆ పిల్ల పెండ్లి చేసుకొని భూపాలపల్లి దిక్కు పోయింది. మొగడు మంచోడు. మనుమలు గూడ ఉన్నరు. సల్లగున్నదని చెప్పు."

సునంద అక్కడే ఫోన్ చేసింది. ముసలామె చెప్పింది తండ్రికి చెప్పింది.

"ఇగ నిద్రవడ్తది బిడ్డా" అన్నాడాయన.

ముసలామె దగ్గరగా వచ్చి నిలబడింది. "మీ అమ్మ ఆయనను మంచిగ అర్సుకుంటదా?"

"అర్సుకుంటదవ్వా."

"గంతే చాలు. పో బిడ్డా, పొద్దుగుంకుతుంది."

గల్లీ చివర చాయ్ కొట్టు నడిపే ఫకీర్ అహ్మద్ గ్లాసు అందించాడు. "ఏటి ఒడ్డున మాట్లాడినవ్ గద, నీలమ్మకు సుట్టమా బేటీ? ఆమె తాన్కి ఎవ్వలు రారు."

"పిల్లల్లేరా?"

"పెండ్లి అయితే గద. కొట్లాటప్పుడు ఒక పిలగాన్ని నా మొగడని చెప్పి కాపాడింది. జమేదారు మళ్ల మళ్ల వచ్చి మొగడేడని అడుగుతుండె. బొంబాయి దిక్కు భీవండికి మగ్గాల పనికి పోయిండనేది."

సునంద గ్లాసు కింద పెట్టింది.

"ఇంకొకన్ని చేసుకుంటే అబద్ధం బయటపడి ఆ పిలగాడు దొరుకుతడని, వచ్చిన సంబంధమల్లా వాపస్ పంపింది బేటీ, కేసు కొట్టేసేటాల్లకు ఈడు దాటింది, ఇగ చేసుకోనే లేదు."