యంత్రం వద్దన్న పసుపు

ఇప్పుడు ఏ పసుపు యార్డులోనూ మనుషులు ధర కట్టరు, యంత్రాలే కడతాయి. అవి వద్దన్న సరుకుకు కొనేవాళ్లను వెతికే ఉద్యోగం అగ్రిబిజినెస్ చదివిన ప్రమీలారాణిది.

ఆ ఉదయం నాంచారమ్మ అనే రైతు పసుపును రంగు చాలదని యంత్రం తోసేసింది.

"ఏడాది కష్టం. ఎరువులో కలుపుకోమంటంది," అంటూ ఆమె కళ్లు తుడుచుకుంది.

ప్రమీలారాణి ఒక కొమ్ము విరిచి వాసన చూసింది. ఘాటు గుప్పుమంది; రంగు తక్కువైనా నూనె దండిగా ఉందన్నమాట. యూనివర్సిటీలో క్లాసులు మాన్పించి, సీజనంతా పసుపు తవ్వించి, ఉడకబెట్టించి, వాసన నేర్పిన సుభద్ర మేడమ్ మీద అప్పట్లో ఎంత విసుక్కుందో!

వెంటనే పసుపు నూనె తీసే మిల్లుకు ఫోన్ చేసింది. మధ్యాహ్నానికల్లా వాళ్లొచ్చి మంచి ధరకే సరుకంతా కొన్నారు.

"నీకు చదువు చెప్పినోళ్లు చల్లగా ఉండాల తల్లీ," అంది నాంచారమ్మ.

ప్రమీలారాణి మేడమ్‌కు ఫోన్ కలిపి నాంచారమ్మ చేతికిచ్చింది. "ఆ మాట ఆవిడతోనే చెప్పు పిన్నీ."